కిరణచికిత్సకు ముందు అడుగవలసిన మాట

(గ్రామ పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



ఇట్టి సమావేశములలో త్రాగునీరు, బాటలు, వీధిదీపములు, ఇంటిపన్నులు మొదలగు విషయములు చర్చకు వచ్చుట పరిపాటి. మేము నేడు చెప్పదలచినది వాటిలో చేరినది కాదు. పురుషులకు పొత్తికడుపు క్రింది భాగమున, అనగా కటిప్రదేశమున, కేన్సరు వచ్చి కిరణచికిత్స జరుగునప్పుడు వారి సంతానసామర్థ్యమునకు కలుగు హానిని గూర్చియు, దానికి ముందుగా చేసికొనదగిన ఏర్పాటును గూర్చియు మాటలాడుటకు వచ్చితిమి. ఇది పంచాయతీ వ్యవహారమా యని కొందరికి తోచవచ్చును. సభ్యత్వములలో సగము స్త్రీలకు కేటాయింపబడిన ఈ దినములలో వారి యెదుట ఇట్టి ప్రస్తావన తగునా యని మరికొందరు సంకోచింపవచ్చును. ఆ సంకోచమువలననే యువకులు నష్టపోవుట మేము కన్నులార చూచితిమి. కావున దాపరికము లేక చెప్పెదము. స్త్రీ సభ్యులు మరింత శ్రద్ధతో వినవలెనని మా కోరిక.

మేము హైదరాబాదున కిరణచికిత్స విభాగములో పనిచేయువారము. నగరమునకు పడమట నున్న మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ, నల్లగండ్ల అన్నియు ఒక తరము క్రిందట రాతిగుట్టల నడుమ నుండిన పల్లెలే. 1998 నవంబరులో మాదాపూరున సైబర్ టవర్స్ భవనము ప్రారంభమైన పిమ్మట ఆ ప్రాంతము హైటెక్ సిటీ యనియు, సైబరాబాదు అనియు ప్రసిద్ధి కెక్కినది. నేడు అచ్చట పనిచేయు బిడ్డ ఒక్కడైన లేని గ్రామము అరుదు. కంప్యూటరు ఉద్యోగులను మాత్రమే చెప్పుటలేదు. కారు నడుపువారు, కాపలాదారులు, హాస్టళ్ళలో వంటచేయువారు, మేడలు కట్టు మేస్త్రీలు, కూలీలు, అందరును మన పల్లెలనుండి పోయినవారే. వారిలో ఎక్కువమంది వయస్సు ఇరువదికిని నలుబదికిని నడుమ. పెండ్లికి, సంతానమునకు తగిన వయస్సు అదియే.

అట్టివారికి పెద్దజబ్బు చేసినచో ముందుగా ఫోను వచ్చునది ఇంటికి. రెండవది తరచుగా సర్పంచుగారికి. ఆరోగ్యశ్రీ కాగితములు సరిచూచుటకు, ఆసుపత్రివారితో మాటలాడుటకు, తండ్రికి ధైర్యము చెప్పుటకు మీరే వెంట వచ్చెదరు. మా గది ముందరి బల్లలపై మేము మిమ్ములను ఎన్నోమారులు చూచియున్నాము. అందుచేతనే ఈ మాట మీతో చెప్పుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందటి సంగతి. మాదాపూరున ఉద్యోగము చేయుచున్న యువకుడు, వయస్సు ఇరువదితొమ్మిది. మలముతోపాటు రక్తము పడుచుండెను. మొలలని తలచి ఏడెనిమిది నెలలు నాటుమందు తినెను. బస్సుస్టాండు గోడలమీద గ్యారంటీతో మొలలు మాన్పెదమను ప్రకటనలకు కొదవలేదు గదా! తుదకు పరీక్షింపగా పురీషనాళమున కేన్సరని తేలినది. తండ్రి, మేనమామ, గ్రామ సర్పంచి ముగ్గురును వెంట వచ్చిరి. వారు వేసిన ప్రశ్నలు మూడు. పిల్లవాడు బ్రతుకునా? ఎన్ని దినములు పట్టును? ఎంత ఖర్చగును? మూడింటికిని సమాధానము దొరికెను. ఐదు వారముల కిరణచికిత్స ఒక ఆసుపత్రిలో జరిగెను. పిమ్మట శస్త్రచికిత్స, మందులు. పిల్లవాడు బ్రతికెను. రెండేండ్లకు పెండ్లి చేసిరి. ఆ పిమ్మట రెండేండ్లు గడచినను సంతానము కలుగలేదు. కోడలిని గుళ్ళకు త్రిప్పిరి, ముడుపులు కట్టించిరి, స్కానింగులు తీయించిరి, లోపము ఆమెదే యని ఇరుగుపొరుగువారు నిర్ణయించిరి. తుదకు ఒక వైద్యురాలు భర్తకు వీర్యపరీక్ష వ్రాయగా ఒక్క బీజకణమైనను కనబడలేదు. ఆ కాగితముతో అతడు మావద్దకు వచ్చెను.

చికిత్స ఆరంభించిన దినమున అతడు సంతకము చేసిన సమ్మతిపత్రములో ఈ ప్రమాదమును తెలుపు పంక్తి యొకటి ఉన్నది. అది ఆంగ్లమున ఉన్నది. ఎవరును చదివి చెప్పలేదు, ఎవరును అడుగలేదు. తప్పు ఆ ఒక్క ఆసుపత్రిదే యనుట న్యాయము కాదు. ప్రాణము నిలుపుటయే పనిగా తలచి ఈ మాట చెప్ప మరచిన దినములు మాకును కలవు.

ఇక విషయమునకు వత్తము. కిరణచికిత్సను మన పల్లెలలో 'కరెంటు పెట్టుట' యందురు. శరీరమునకు విద్యుత్తు తగిలించుట కాదది. 1895లో జర్మనీ దేశమున రాంట్‌జెన్ కనుగొనిన ఎక్స్‌కిరణముల జాతికే చెందిన, వాటికన్న మిక్కిలి బలమైన కిరణములను యంత్రముద్వారా కణితిపై ప్రసరింపజేయుదురు. నొప్పి తెలియదు. దినమునకు కొద్ది నిమిషముల పని. ఈ చికిత్స మన నగరమునకు క్రొత్తది కాదు. లకడీకాపూలు సమీపమున రెడ్ హిల్స్‌లోని ఎం.ఎన్.జె. కేన్సరు ఆసుపత్రి 1955లో నెలకొల్పబడినది. అది మెహదీ నవాజ్ జంగ్ గారి పేర నడచుచున్నది. బంజారాహిల్స్‌లో బసవతారకం ఆసుపత్రి 2000లో ప్రారంభమైనది. నేడు నల్లగండ్ల, గచ్చిబౌలి ప్రాంతములలోను కేన్సరు చికిత్సాలయములు కలవు.

కిరణముల మోతాదును 'గ్రే' అను కొలతతో లెక్కింతురు. పురీషనాళపు కేన్సరునకు సాధారణముగా 45 మొదలు 50 గ్రేలవరకు, 25 లేక 28 విడతలుగా, వారమునకు ఐదు దినముల చొప్పున ఇత్తురు. దినమునకు 5 గ్రేల వంతున ఐదు దినములలో ముగించు పద్ధతియు కలదు. ప్రోస్టేటు గ్రంథి కేన్సరునకు మొత్తము మోతాదు ఇంకను హెచ్చు. మూత్రాశయము, మలద్వారము, కటిభాగపు ఎముకలు, గజ్జలలోని గ్రంథులు మొదలగు చోట్ల కేన్సరు వచ్చినను ఈ ప్రదేశముననే కిరణములు ప్రసరింపజేయవలసి వచ్చును.

'ఇన్ని మారులు త్రిప్పనేల, ఒకేసారి ఇచ్చి పంపరాదా, కూలి పోవుచున్నది' అని మమ్ములను అడుగువారు అనేకులు. న్యాయమైన ప్రశ్నయే. దాని సమాధానము ఒక పొట్టేలులో ఉన్నది. పారిస్ నగరపు రేడియం సంస్థలో రెగో అను శాస్త్రజ్ఞుడు 1920ల కాలమున పొట్టేళ్ళ వృషణములపై కిరణములను ప్రయోగించెను. ఒకేసారి ఎక్కువగా ప్రసరింపజేసినచో చర్మము చెడిపోయినదే గాని బీజోత్పత్తి పూర్తిగా ఆగలేదు. కొద్దికొద్దిగా కొన్ని దినములపాటు ఇచ్చినచో చర్మము నిలిచినది, బీజోత్పత్తి మాత్రము నశించినది. ఎడతెగక వృద్ధిపొందుచుండు బీజకణములను చూచి, అట్లే వృద్ధిపొందు కేన్సరు కణములనుగూడ విడతలవారీగా కొట్టవచ్చునని ఆయన ఊహించెను. నేడు లోకమంతట జరుగుచున్న విడతల పద్ధతికి మూలము ఇట్టి ప్రయోగములే. కేన్సరును జయించు దారి చూపిన ఆ పొట్టేలే, వృషణములకు ఏమి జరుగునో గూడ ఆనాడే చూపినది. ఇతర అవయవములు విడతల నడుమ కోలుకొనును. బీజోత్పత్తి అట్లు కోలుకొనదు సరికదా, విడతలుగా పడినచో మరింత చెడును.

'కిరణములను పురీషనాళముపై గురిపెట్టుచుండగా వృషణముల మాట యెందుకు?' అని అడుగవచ్చును. పొగమంచులో టార్చిలైటు వేసినచో వెలుగు ఎదుటికి పోవుటయే గాక ప్రక్కలకు చెదరును గదా. శరీరములోపల కిరణములును అట్లే కొంత చెదరును. చెదరినది నూటికి ఐదు పాళ్ళే యనుకొందము. 50 గ్రేలలో అది రెండున్నర గ్రేలు. కణితి ఎంత క్రిందుగా నున్న అంత ఎక్కువ పడును. వృషణములకు సీసపు కవచము తొడుగుట కలదు. అది బయటినుండి వచ్చుదానిని చాలవరకు ఆపును. దేహము లోపలినుండి చెదరి వచ్చుదానిని ఆపజాలదు. కవచము పెట్టించితిమి గదాయని నిశ్చింతగా నుండరాదు.

వృషణములలో రెండు రకముల పని జరుగును. ఒకటి బీజకణముల తయారు. రెండవది పురుషత్వమునకు మూలమైన టెస్టోస్టిరాన్ అను రసము ఊరుట. మొదటి పని చేయు కణములు మిక్కిలి సుకుమారములు. నారుమడిలోని మొలకవంటివి. ఒక గ్రేలో ఐదవ వంతునకు లోపుగా పడినను బీజకణముల సంఖ్య తాత్కాలికముగా తగ్గనారంభించును. సుమారు ఒక గ్రే పడినచో మరల యథాస్థితికి వచ్చుటకు తొమ్మిది నెలలు మొదలు ఏడాదిన్నర పట్టును. రెండు మూడు గ్రేలు పడినచో రెండున్నర ఏండ్లు. నాలుగు గ్రేలు మించినచో ఐదేండ్లు పట్టవచ్చును, ఎన్నటికిని తిరిగిరాకపోవచ్చును. రెండవ పని చేయు కణములు గట్టివి. పెద్దవారిలో అవి చెడుటకు నేరుగా 30 గ్రేల వరకు పడవలెను. అయినను కటిప్రదేశమున చికిత్స జరిగిన కొందరిలో టెస్టోస్టిరాన్ కొంత తగ్గుచుండును. నీరసము, కోరిక తగ్గుట, మనస్సు క్రుంగుట కనబడినచో రక్తపరీక్షతో తెలియును. దానికి మందు కలదు. కాని ఆ మందు బయటినుండి ఇచ్చినచో బీజోత్పత్తి మరింత అణగిపోవును గనుక, సంతానము కోరువారు వైద్యునితో ముందుగా ఆ సంగతి చెప్పవలెను.

పై అంకెలు లోకమునకు ఎట్లు తెలిసినవో ఒక మాట చెప్పక తప్పదు. 1963 మొదలు సుమారు పదేండ్లు అమెరికాలోని ఆరిగన్, వాషింగ్టన్ రాష్ట్రముల చెరసాలలలో నూటముప్పదిమందికి పైగా ఖైదీల వృషణములపై కిరణములను ప్రసరింపజేసి పరీక్షించిరి. వారికి కొద్ది సొమ్ము ముట్టజెప్పి, సమ్మతించిరని వ్రాసికొనిరి. చెరలో నున్నవాని సమ్మతి ఎంతటి సమ్మతియో మీకు తెలియనిది కాదు. ఆ జ్ఞానమును నేడు మేము వాడుకొనుచున్నాము. వాడుకొనునప్పుడెల్ల మనస్సు చివుక్కుమనును. అంత మూల్యము చెల్లించి వచ్చిన సంగతిని రోగికి చెప్పకుండుట మరింత తప్పని మా అభిప్రాయము.

ఒక బీజకణము మొదటినుండి తయారగుటకు సుమారు 74 దినములు పట్టును. ఇంచుమించు పెసర పంట చేతికి వచ్చునంత కాలము. దీనివలన రెండు చిక్కులు కలవు. చికిత్స ఆరంభమైన దినముననే బీజకణములు మాయము కావు. ముందుగా తయారైనవి కొన్ని వారములు బయటికి వచ్చుచునే యుండును. అవి కిరణములు సోకినవి. కనుక చికిత్స జరుగుచున్నంతకాలమును, ముగిసిన పిమ్మట వైద్యుడు చెప్పిన గడువువరకును, అనగా సాధారణముగా ఆరునెలలు మొదలు ఏడాదివరకు, గర్భము రాకుండ జాగ్రత్త పడవలెను. రెండవ చిక్కు, చికిత్స మొదలైన పిమ్మట బీజము దాచుకొందమనినచో వేళ మించిపోయినదన్నమాటయే.

ఇక పురుషత్వపు మాట. ఇది బీజకణముల సంగతికి వేరు. 1952లో మన దేశమున కుటుంబ నియంత్రణ కార్యక్రమము ఆరంభమైన తరువాత ఇట్టి సభలలోను, ఇట్టి పత్రికలలోను వాసెక్టమీని గూర్చి ఎన్నో ప్రసంగములు జరిగినవి. ఆనాటి ప్రచారకులకు అన్నిటికన్న కష్టమైన పని ఒకటే: సంతానము కలుగకుండుట వేరు, పౌరుషము పోవుట వేరు అని జనమునకు నచ్చజెప్పుట. ఆ భేదము నేటికిని మనకు పూర్తిగా పట్టుబడలేదు. అయితే వాసెక్టమీ వలె గాక, కటిప్రదేశపు కిరణచికిత్స రెండింటిని తాకగలదు. అంగస్తంభనకు కావలసిన నరములు, రక్తనాళములు ఆ ప్రదేశముననే ఉన్నవి. వాటికి కలుగు హాని వెంటనే కనబడదు. రెండు మూడు సంవత్సరములలో మెల్లమెల్లగా బయటపడును. వీర్యపు నీటిభాగమును ఊరించు గ్రంథులు ఎండి, స్ఖలన సమయమున ద్రవము స్వల్పముగా వచ్చుట, లేక బొత్తిగా రాకుండుట కూడ కలదు. వీటిలో చాలవాటికి మందులు, పరికరములు కలవు. సిగ్గుచే చెప్పనివానికి ఏ మందును లేదు. అరువదియైదేండ్ల పెద్దమనిషికి ఇది అనవసరమని కొడుకులే తీర్మానించి వైద్యునితో మాటలాడనీయకుండుటయు మేము చూచితిమి. ఆయనను అడిగి చూడవలసినది.

ఇప్పుడు చేయదగినదేమి? చికిత్సకు ముందుగా వీర్యమును తీసి శీతలీకరించి భద్రపరచుట. మాట క్రొత్తగా తోచినను వస్తువు మీకు క్రొత్త కాదు. గోపాలమిత్ర మీ వాకిటికి తెచ్చు డబ్బా తలచుకొనుడు. మూత తీయగానే తెల్లని ఆవిరి పొంగును. అందులో ద్రవ నత్రజని, సున్నకు దిగువ 196 డిగ్రీల చలి. కరీంనగరము వంటి కేంద్రములలోని ఆబోతు వీర్యము సన్నని గొట్టములలో ఆ చలిలో ఏండ్లతరబడి నిలిచి, పిమ్మట మీ దొడ్డిలో దూడయై పుట్టుచున్నది. మనుష్యులకును అదే పద్ధతి, అదే చలి. 1949లో ఇంగ్లాండు శాస్త్రజ్ఞులు గ్లిసరిన్ కలిపి వీర్యమును చెడకుండ ఘనీభవింపజేయవచ్చునని కనుగొనిరి. 1953లో అమెరికాలో అట్టి మానవ వీర్యముతో గర్భములు నిలిచినట్లు ప్రకటించిరి. మనుష్యుని పశువుతో పోల్చినందులకు మన్నింపవలెను. కాని ఆవుకు దొరకు సౌకర్యము ఆవును మేపు రైతు కొడుకునకు దొరకకపోవుటకు కారణము మన నోరు మెదలకపోవుటయే.

రోగి రెండు మూడు దినములు నిగ్రహముతో నుండి, ఏకాంతమైన గదిలో తన వీర్యమును ఒక గిన్నెలో ఇచ్చును. వీలున్నచో ఒకటి రెండు దినముల ఎడముతో మరొక మారు. హెచ్.ఐ.వి., కామెర్లకు సంబంధించిన రక్తపరీక్షలు చేయుదురు. వారము లోపల ముగియు పని. కిరణచికిత్సకు స్కానింగు తీసి, కిరణముల ప్రణాళిక వేయుటకు ఎట్లును కొన్ని దినములు పట్టును. సాధారణముగా ఆ ఎడములోనే దీనిని ముగింపవచ్చును. కేన్సరు రోగి వీర్యములో కణములు ముందే తక్కువగా నుండవచ్చును. దానికి నిరాశ చెందనక్కరలేదు. 1992లో బెల్జియం దేశపు బ్రస్సెల్స్ నగరమున ఒక్క బీజకణమును సూదితో అండములోనికి చొప్పించి గర్భము నిలుపు విధానమును ప్రకటించిరి. నాటినుండి ఒక్కమారు తీసి ఉంచినను ఆశ కలదు. వీర్యము ఇవ్వజాలని వానికి వృషణమునుండి చిన్న శస్త్రచికిత్సచే కణములను తీయుటయు కలదు. కేన్సరు మందులుగూడ బీజోత్పత్తికి హాని చేయును గనుక వాటికిని ముందే ఈ పని జరుగవలెను. యుక్తవయస్సు రాని బాలురలో మాత్రము బీజకణములు ఇంకను తయారుకావు. వారి సంగతి పెద్ద చికిత్సాలయములలోని నిపుణులతో ప్రత్యేకముగా విచారింపవలెను.

చట్టమును గూర్చి కొంత. మన పార్లమెంటు 2021లో సహాయక పునరుత్పత్తి సాంకేతికతల నియంత్రణ చట్టమును చేసినది. 2022 జనవరి 25వ తేదీనుండి అమలునకు వచ్చినది. దాని ప్రకారము ఇట్టి కేంద్రములన్నియు నమోదు పొందవలెను. మాదాపూరు, కొండాపూరు, గచ్చిబౌలి బాటలలో సంతానసాఫల్య కేంద్రముల బోర్డులు వరుసగా కనబడును. బోర్డు చూచి లోనికి పోరాదు. నమోదుపత్రము చూపుమని అడుగవలెను. 2025 జూలైలో సికిందరాబాదులోని ఒక కేంద్రముపై పోలీసులు కేసుపెట్టి నిర్వాహకులను నిర్బంధించిన వార్త మీరు వినియేయుందురు. కేన్సరు వైద్యునిచే చీటి వ్రాయించుకొని, ఆయన చెప్పిన చోటికి పోవుట మేలు. తీయుటకు ఎంత, ఏటేటా ఉంచుటకు ఎంత యని రెండు ఖర్చులును వేరువేరుగా ముందే వ్రాయించుకొనవలెను. ఏటేటి రుసుము కట్ట మరచి కష్టపడినవారు కలరు.

భద్రపరచుకొనువాడు మరణించినను, అశక్తుడైనను ఆ బీజమును ఏమి చేయవలెనో వ్రాతమూలకముగా తెలుపవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది. జబ్బుతో నున్న కొడుకును ఈ ప్రశ్న అడుగుటకు ఏ తండ్రికి నోరు వచ్చును? అయినను అడుగక తప్పదు. ఢిల్లీలో 2020లో ఒక యువకుడు కేన్సరు చికిత్సకు ముందు వీర్యమును దాచి, ఆ సంవత్సరమే గతించెను. దానిని తమకిమ్మని తలిదండ్రులు కోరగా, స్పష్టమైన నియమము లేనందున ఆసుపత్రివారు ఇవ్వజాలమనిరి. వ్యాజ్యము నడచి 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు ఇవ్వవలసినదని తీర్పు చెప్పెను. నాలుగేండ్లు పట్టినది.

ఇక పంచాయతీకి నేరుగా తగులు భాగము. సంతానము లేదని భార్యను పుట్టింటికి పంపినట్టియు, మరొక పెండ్లి తలపెట్టినట్టియు తగవులు మీ యెదుటికి వచ్చుచుండును. భర్తకు ఎన్నడైన కటిప్రదేశమున కిరణచికిత్స జరిగినదా యని మొదట అడుగుడు. ముందు అతనికి వీర్యపరీక్ష జరుగవలెను. ఇది ఒక వంక. రెండవ వంక దీనికన్న క్రూరమైనది. చికిత్స పిమ్మట బీజములు లేవని కాగితమిచ్చిన పురుషునికి మూడేండ్లకో, ఐదేండ్లకో అవి తిరిగి రావచ్చును. వచ్చినట్లు అతనికి తెలియదు. భార్య గర్భవతి యగును. అప్పుడు ఆ పాత కాగితము బయటికి తీసి ఆమెను నిందింతురు. ఆ కాగితము ఆ దినపు సంగతిని మాత్రమే చెప్పినది. పాత కాగితముతో ఒక స్త్రీ శీలమును తూచుట అన్యాయము. అట్టి మాట మీ రచ్చబండ వద్ద లేచినచో అచ్చటనే ఆపి, మరల పరీక్షకు పంపవలెను. ఇదివరలో స్త్రీ సభ్యులను ప్రత్యేకముగా వినుమని కోరినది ఇందుకే.

పెండ్లి సంబంధము వచ్చినప్పుడు ఈ విషయము చెప్పవలెనా యని మమ్ములను అడుగుదురు. పిల్లవాడే పిల్లతో స్వయముగా చెప్పవలెనని మా అభిప్రాయము. ఊరందరు అతని వెనుక చెప్పుకొనుట తగదు. వెంట వచ్చిన సభ్యునికి తెలిసిన సంగతి ఆ సభ్యునితోనే ఆగవలెను.

పుట్టబోవు బిడ్డలకు అవకరములు కలుగునా యని మరొక భయము. 1945లో హిరోషిమా, నాగసాకి నగరములపై అణుబాంబులు పడినప్పుడు బ్రతికి బయటపడినవారికి తరువాత పుట్టిన వేలకొలది బిడ్డలను శాస్త్రజ్ఞులు దశాబ్దములుగా పరిశీలించుచున్నారు. వంశపారంపర్య వ్యాధులు హెచ్చినట్లు వారిలో కనబడలేదు. వైద్యుడు చెప్పిన గడువు దాటిన పిమ్మట కలిగిన గర్భమును భయముచే తీయించుకొనుట తగదు. మరియు, యంత్రముతో కిరణచికిత్స పొందినవాని దేహమున కిరణములు నిలిచియుండవు. వానికి వేరుగా కంచము పెట్టనక్కరలేదు, పిల్లలను ఎత్తుకొనవచ్చును. ప్రోస్టేటు గ్రంథిలో కిరణములు వెలువరించు చిన్న గింజలను అమర్చిన వారికి మాత్రము, గర్భిణులకు, పసిబిడ్డలకు కొంతకాలము ఎడముగా నుండుమని వైద్యులే చెప్పుదురు. ఇక సెల్‌ఫోను, ఒడిలో పెట్టుకొను కంప్యూటరు వెలువరించునవి ఈ జాతి కిరణములు కావు. సైబరాబాదు కొలువే ఈ రోగమునకు కారణమని ఊరిలో చెప్పుకొను మాటకు ఆధారము లేదు.

మీరు రోగి వెంట వచ్చిన దినమున, స్కానింగునకు తేది వ్రాసికొనుటకు ముందే, వైద్యునితో ఇట్లు అనుడు: 'అయ్యా, ఈ చికిత్సవలన మావానికి పిల్లలు పుట్టుటకు ఇబ్బంది కలుగునా? కలుగునేని ముందుగా బీజము దాచుటకు వ్యవధి ఉన్నదా? ఎచ్చటికి పోవలెను?' తండ్రి అడుగలేడు, మేనమామ అడుగలేడు, పిల్లవాడు అసలే అడుగడు. పెండ్లియై ఇద్దరు బిడ్డలున్నవాడైనను అతనినే నిర్ణయింపనిండు. రోగము ముదిరి చికిత్స ఒక్క దినమైనను ఆపరాదని వైద్యుడు చెప్పినచో ఆ మాట వినవలెను, ప్రాణము ముందు. అట్టి సందర్భములు కలవు గాని అన్నియు అట్టివి కావు.

మొదట చెప్పిన యువకుని సంగతి కొంత మిగిలినది. అతనికి కిరణచికిత్స ముగిసి ఐదవ సంవత్సరము నడచుచుండగా చేసిన పరీక్షలో కదలాడు బీజకణములు కొద్దిగా కనబడినవి. లెక్కకు ఇరువదికి మించవు. ఆ దినముననే వాటిని భద్రపరచిరి. భార్యాభర్తలిద్దరును కలసి వచ్చిరి. ఈసారి కాగితములోని ప్రతి పంక్తిని తెలుగున చదివించుకొని సంతకములు చేసిరి. మరల వచ్చుటకు మూడు నెలల గడువు ఇచ్చితిమి.